చిమ్మనగ్రోవికి రెండు చుక్కల నూనె



చాలా నెలల తరువాత మళ్ళీ ఈ పుట తెరిచాను. సమాసాల మీద వ్రాస్తానన్న టపా ఇంకా బాకీగానే ఉన్నది. మన్నించండి, ఈ పూటకు వేరొక సంగతి. గత ఏడాది వేసవి అంతా మా అబ్బాయి ఇంట గడిచింది. వాళ్ళుండేది అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, నాషువా పట్టణం. నేను అక్కడ ఉండగానే మా మనుమడికి పద్నాలుగేళ్ళు నిండాయి. "పుట్టినరోజుకు ఏం కావాలిరా నాన్నా?" అని అడిగితే వాడు తడుముకోకుండా "పెయింట్‌బాల్ మార్కర్, తాతగారూ" అన్నాడు. నాకు తెలిసిన మార్కరు తెల్లబోర్డు మీద వ్రాసే సిరాకలం ఒక్కటే. అంత చిన్న వస్తువుకు ఇంత మురిపెమా అనుకున్నాను. పెట్టె వచ్చింది. విప్పి చూస్తే అది అచ్చంగా తుపాకి!

ముప్పై రెండేళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయితో గట్టిగానే వాదించాను. పిల్లవాడి చేతికి ఆయుధం వంటిదాన్ని ఇవ్వవచ్చునా అన్నది నా ప్రశ్న. "అది ఆటవస్తువు నాన్నగారూ, నియమాలు లేకుండా ఎవరూ ఆడనివ్వరు" అని వాడి సమాధానం. ఆ వాదం తెగలేదు, ఇప్పటికీ తెగలేదు. అయితే ఆ వస్తువుతో గడిపిన మూడు నెలలలో నాకు మరొక విషయంలో కళ్ళు తెరుచుకున్నాయి. ఈ టపా దాని గురించే.

ముందుగా ఆ పేరు సంగతి తేల్చుకోవాలి. భాషాపండితుడికి వస్తువు కంటె ముందు మాట కంటబడుతుంది. అది మా వృత్తిదోషం. తుపాకిని తుపాకి అనక మార్కర్ అనడం వట్టి బుకాయింపు అనుకున్నాను. పదం పుట్టుక వెదికితే పొరపాటు నాదేనని తేలింది. 1970లలో నెల్సన్ అనే రంగుల కంపెనీ అడవిపనివారి కోసం, పశువుల పెంపకందారుల కోసం ఒక పనిముట్టును అమ్మకానికి తెచ్చింది. గాలితుపాకులకు పేరుపడ్డ డైసీ కంపెనీ దానిని తయారుచేసింది. పేరు నెల్‌స్పాట్ 007. నరకవలసిన చెట్టుకో, మందలోని ఒక ఆవుకో దగ్గరికి పోకుండానే రంగుబొట్టు పెట్టడం దాని పని. కనుక గురుతు పెట్టే సాధనం అన్న పేరు నిజమైన పేరే. ఆట తరువాత వచ్చింది.

ఆ ఆట మొట్టమొదట జరిగింది 1981 జూన్ 27న, అదే న్యూ హాంప్‌షైర్‌లో హెన్నికర్ అనే ఊరి అడవిలో. మా అబ్బాయి ఇంటికి అది సుమారు గంట ప్రయాణం. చార్లెస్ గెయిన్స్ అనే రచయితకూ, హేస్ నోయెల్ అనే షేర్ల వ్యాపారికీ మధ్య ఒక చర్చ నడిచింది. ఆపదలో బ్రతికి బయటపడే నేర్పు నగరవాసికి ఎక్కువా, అడవి ఎరిగినవాడికి ఎక్కువా అన్నది చర్చ. బాబ్ గర్న్‌సీ అనే మిత్రుడు కూడా వారితో కలిశాడు. పన్నెండు మంది ఆ నెల్‌స్పాట్ చేతబట్టి, అడవిలో అక్కడక్కడ పెట్టిన జెండాలు ఏరుకోవడానికి దిగారు. గెలిచినవాడు రిచీ వైట్ అనే అడవిపనివాడు. ఆయన ఒక్క గుండు కూడా పేల్చకుండానే తన జెండాలన్నీ తీసుకొని బయటికి వచ్చాడు. ఈ కథ మా మనుమడికి చెబితే వాడికి అంతగా రుచించలేదు. నాకు మాత్రం అప్పటినుంచి ఆ వస్తువు మీద కొంత కోపం తగ్గింది.

ఆ మాటకు వస్తే రంగు చిమ్ముకోవడం మనకు కొత్తదా? వసంతోత్సవ వర్ణనలు చదివినవారికి చిమ్మనగ్రోవి అనే మాట తెలిసే ఉంటుంది. గొట్టంలో రంగునీళ్ళు నింపి, వెనుకనుంచి కడ్డీ నెట్టి, ఎదుటివారి మీద చిమ్మే సాధనం అది. హోలీనాటి పిచికారీ దాని వారసురాలు. ఈ మార్కరు కూడా ఆ వంశంలోదేనని నా మనసుకు నచ్చజెప్పుకొని, ఇంట్లో దానిని చిమ్మనగ్రోవి అనే పిలవసాగాను. మనుమడు "చిమ్మన" అని కుదించాడు. ఆ పేరే స్థిరపడింది.

ఇక అసలు కథ. ఇల్లలకగానే పండగ కాదన్నారు పెద్దలు. పెట్టె విప్పగానే వాడు పెరట్లోకి పరుగెత్తబోయాడు. వాళ్ళమ్మ ఆపింది. "మావయ్యగారూ, ఆ చిన్న పుస్తకం మీరు చదివి వాడికి చెప్పండి, మీ మాటైతే వింటాడు" అని కోడలు నాకు పని అప్పగించింది. పెట్టె అడుగున ప్లాస్టిక్ సంచిలో, ఎవరూ ముట్టని సూచనల పుస్తకం ఒకటి ఉన్నది. దానితోపాటు నాలుగైదు అలెన్ కీలు, కొన్ని నల్లని రబ్బరు ఉంగరాలు, సిరాబుడ్డి కంటె చిన్నదైన నూనెసీసా, త్రాడు ఉన్న ఒక గుడ్డసంచి. టీకా తాత్పర్యాలు చెప్పుకుని బ్రతికినవాడికి సూచనల పుస్తకం ఒక లెక్కా అనుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

నేను గ్రహించినంతలో ఆ యంత్రం తీరు ఇది. వెనుక ఒక గాలిసీసా బిగిస్తారు. మా వాడిది చదరపు అంగుళానికి 3000 పౌన్ల ఒత్తిడి పట్టే సీసా. కారు టైరులో ఉండేది సుమారు 32 పౌన్లు. మీటను నొక్కగానే స్ప్రింగుతో బిగిసి ఉన్న బరువైన కడ్డీ ముందుకు దూకి ఒక కవాటాన్ని తెరుస్తుంది. బయటికి వచ్చిన గాలిలో కొంత గుండును గొట్టంలోంచి తోస్తుంది. మిగిలిన కొంత ఆ కడ్డీనే వెనక్కి నెట్టి మళ్ళీ బిగిస్తుంది. మరుసటి గుండు పైనున్న గిన్నెలోంచి దానంతట అదే జారి కూర్చుంటుంది. గుండు వ్యాసం 0.68 అంగుళం, అంటే పదిహేడు మిల్లీమీటర్ల పైచిలుకు. పైపొర మనం మింగే మందుగొట్టాల పొర వంటి జెలటిన్. లోపల నీటితో కడిగితే పోయే రంగుద్రవం. దాని వేగానికి మైదానాలు పాటించే పైహద్దు సెకనుకు 300 అడుగులు. గంటకు 330 కిలోమీటర్లన్నమాట. చర్మానికి తగిలితే కందిన మచ్చ పడుతుంది. కంటికి తగిలితే కన్ను పోతుంది. అందుకే ఆ ఆటకోసమే చేసిన ముఖకవచం లేకుండా ఎవరినీ మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు.

కొత్త వస్తువును పనికి అలవాటు చేయడం అనేది మన ఇళ్ళలో తెలియని విద్య కాదు. కొత్త చెప్పు కరుస్తుంది. కొత్త ఇనుపపెనం మీద మొదటి అట్టు ఊడి రాదు. దానికి నూనె రాసి, కాచి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, నాలుగు అట్లు పోగొట్టుకున్నాక గాని పెనం పదునుకు రాదు. కొత్త మట్టికుండను నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి గాని కూర వండరు. కోడెను కాడికి అలవాటు చేసే రైతు మొదటినాడే బరువు కట్టడు. చిమ్మన విషయంలోనూ ఇంతే. లోపలి స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. ప్రెషర్ కుక్కరు మూతకుండే గాస్కెట్‌కు చిన్నతమ్ముళ్ళవంటి ఆ రబ్బరు ఉంగరాలు ఇంకా తమ చోటికి ఒదిగి ఉండవు. కడ్డీకి, అది జారే గాడికి పరిచయం ఉండదు.

కనుక మొదటి రోజు ఆట లేదు. పైపైన తుడిచి, మరలు బిగుతుగా ఉన్నవో లేవో చూసి, గాలిసీసా బిగించే చోట రెండు మూడు చుక్కల నూనె వేశాము. తరువాత సీసా బిగించి, గిన్నెలో గుండ్లు పోయకుండానే, ముఖకవచం పెట్టుకుని, ఓ ఇరవైసార్లు నేలవైపు మీట నొక్కించాను. గాలితోపాటు ఆ నూనె లోపలి కవాటానికి, ఉంగరాలకు చేరుతుంది. "ఇంకో పది చుక్కలు వేద్దామా?" అన్నాడు వాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు గదా! నూనె ఎక్కువైతే అది గొట్టంలోకి వచ్చి గుండును పట్టి, దారి వంకర చేస్తుంది. గొట్టానికి నూనె అసలే తగలకూడదు. అది పొడిగుడ్డకు మాత్రమే అలవాటు పడవలసిన భాగం.

రెండవ అంకం మైదానంలో. అక్కడ క్రోనోగ్రాఫ్ అనే చిన్న పరికరం గుండు వేగాన్ని కొలిచి అంకె చూపిస్తుంది. ఆ మైదానంలో సెకనుకు 280 అడుగులు దాటరాదని నియమం. కొత్త చిమ్మన మొదటి పది గుండ్లకు పది వేగాలు చూపింది. ఒకటి 262, మరొకటి 291. మైదానం కుర్రవాడు నవ్వి, "కొత్తదా? కొన్ని వందల గుండ్లు పోనివ్వండి, సర్దుకుంటుంది" అన్నాడు. పక్కనున్న సన్నని మరను అలెన్ కీతో పావు చుట్టు లోపలికి తిప్పి వేగం తగ్గించాము. ఆనాడు వాడు మనుషుల మీద ఆడలేదు. ఒక చెక్కబొమ్మ మీద మూడు వందల గుండ్లు కాల్చాడు. మధ్యాహ్నానికి అంకెలు ఒకదానికొకటి దగ్గర పడ్డాయి. అప్పుడు మరల బిగువు మళ్ళీ చూసి, వేగం మళ్ళీ కొలిచాము. స్ప్రింగులు సర్దుకున్న కొద్దీ వేగం మారుతుంది గనుక, ఒకసారి కొలిచాను గదా అని ఊరుకోరాదు. ఈ ఒక్క నియమం ఎదుటివాడి శరీరానికి సంబంధించినది. మిగిలినవాటిలో బద్ధకిస్తే నష్టం మనది. ఇందులో బద్ధకిస్తే దెబ్బ ఇంకొకరిది.

ఆ సాయంత్రం గ్యారేజీలో శుభ్రపరచడానికి కూర్చున్నాము. నేను పుస్తకం చదువుతూ ఉన్నాను, వాడు చేస్తూ ఉన్నాడు. విప్పే ముందు పాటించవలసిన వరుస ఇది. మీట కదలకుండా చేసే తాళం వేయాలి. గొట్టం మూతికి గుడ్డసంచి తొడగాలి. గుండ్ల గిన్నె తీయాలి. గాలిసీసా విప్పాలి. లోపల మిగిలిన గాలి పోయేదాకా నేలవైపు పేల్చాలి. గొట్టం తీసి లోపల గుండు లేదని కంటితో చూడాలి. ఆ తరువాతనే మరలు ముట్టాలి. నేను మూడవదాని మీద ఉన్నాను. వాడు నాకంటె ముందు పరుగెత్తి, తాళం తీసివేశాడు. గిన్నె ఊడదీశాను గదా, గుండ్లు లేవు గదా అని, సీసా విప్పకుండానే "ఖాళీ, తాతగారూ" అంటూ మీట నొక్కాడు.

చప్పున శబ్దమయింది. గిన్నె తీసినా లోపల కూర్చున్న గుండు అక్కడే ఉన్నది. గొట్టం మూతి నా వైపు ఉన్నది. మేము ఇంట్లోనే ఉన్నాము గదా అని ముఖకవచాలు తీసి బల్లమీద పెట్టాము. ఆ గుండు వచ్చి, గొట్టానికి తొడిగిన గుడ్డసంచిలో పగిలి, పసుపురంగు ముద్దగా మారింది. నా ముఖానికీ ఆ సంచికీ మధ్య రెండు మూరల దూరం.

ఇద్దరం కొంతసేపు మాట్లాడలేదు. వాడి చేతులు వణుకుతున్నాయి. నేను వాణ్ణి తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదనిపించింది. పుస్తకం చేతిలో ఉన్నవాణ్ణి నేను. చేతుల వైపు చూడకుండా అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను. ఆ గుడ్డసంచి అన్నిటికంటె చవకైన వస్తువు. పెట్టెలోంచి తీసినప్పుడు ఇదేమి అలంకారమని నవ్వినవాణ్ణి కూడా నేనే. శుభ్రం చేయడం అంటే మురికి తుడవడం అనుకున్నాను అంతదాకా. ఆ వరుసలోని ప్రతి మెట్టు వెనుక ఎవరిదో ఒక కన్ను ఉన్నదని ఆ సాయంత్రం తెలిసింది.

ఆ తరువాత పని మెల్లగా సాగింది. రెండు పెంకులను విడదీసి, ఏ స్ప్రింగు ఏ కడ్డీ వెనుక ఉన్నదో ఫోనుతో బొమ్మ తీసుకుని, విడిభాగాలను తెల్లని తుండుగుడ్డ మీద తీసిన వరుసలోనే పేర్చాము. పగిలిన గుండ్ల రంగును తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాము. వెనుక కడ్డీ చుట్టూ ఉన్న ఉంగరానికి వేలి కొసతో నూనె తడి తగిలించాము. గొట్టంలోంచి పొడిగుడ్డ లాగాము. స్ప్రింగు అలసిపోకుండా కడ్డీని బిగువు దించిన స్థితిలో పెట్టి భద్రపరచాము. మిగిలిన గుండ్లను గిన్నెలో వదలక గాలి దూరని సంచిలో కట్టాము. జెలటిన్ గదా, తేమ తగిలితే ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటాయి, చలికి పెళుసెక్కి లోపలే పగులుతాయి. ముఖకవచం అద్దాన్ని నీటితో, మెత్తని గుడ్డతో తుడవాలి. కిటికీ అద్దాలకు వాడే అమోనియా ద్రవం దానిని పాడుచేస్తుంది.

ఇక నా పాండిత్యం సంగతి వినండి. మరో మూడు వారాలకు వెనుక కడ్డీ కాస్త బిగుతుగా కదులుతున్నట్టు అనిపించింది. చిన్న నూనెసీసా అయిపోయింది. గ్యారేజీ అరలో తలుపు బందులకు కొట్టే స్ప్రే డబ్బా కనబడింది. "నూనె ఏదైతే నేమిరా, జారడమే గదా కావలసింది" అని నేనే పురమాయించి లోపలంతా కొట్టించాను. సూచనల పుస్తకం పదకొండవ పుటలో అటువంటి స్ప్రేలు వాడరాదని పెద్ద అక్షరాలతో ఉన్నది. అది నేను చదివిన పుటే. ఆ జాతి ద్రావకాలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. శనివారం పొద్దున, స్నేహితులందరూ మైదానంలో ఎదురుచూస్తూ ఉండగా, సీసా బిగించగానే చిమ్మన బుసలు కొట్టడం మొదలుపెట్టింది. గాలి నిలవలేదు. వాడు ఆ రోజు ఆడలేదు. ఇంటికి తిరిగి వస్తూ కారులో ఒక్క మాటా అనలేదు. అంతకంటె పెద్ద శిక్ష ఏముంటుంది?

ఇంటికి వచ్చాక, పెట్టెతో వచ్చిన ఉంగరాలలోంచి సరియైనది ఏరి, నేనే మార్చాను. అరవై ఎనిమిదేళ్ళ వ్రేళ్ళకు ఆ చిన్న ఉంగరం గాడిలో కూర్చోవడానికి ముప్పావు గంట పట్టింది. మరొక సంగతి తరువాత తెలిసి ఒళ్ళు జలదరించింది. గాలిసీసాను నింపే ముక్కులో నూనె గాని, అటువంటి ద్రవం గాని పడకూడదు. అధిక ఒత్తిడిగల గాలి ఒక్కసారిగా దూరినప్పుడు పుట్టే వేడికి అది అంటుకోవచ్చు. డీజిల్ ఇంజనులో నిప్పు పుట్టే సూత్రం ఇదే. నా స్ప్రే అటు పడలేదు గనుక సరిపోయింది. తెలియకపోవడం తప్పు కాదు. వ్రాసిపెట్టినదాన్ని చదివి కూడా "ఏదైతే నేమి" అనడం తప్పు. విద్యార్థుల జవాబుపత్రాలలో అటువంటి తప్పుకు నేను ఎన్నడూ మార్కు వేయలేదు.

ఇప్పుడు నా అభిప్రాయానికి వస్తాను.

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో చేతిపనుల గది ఉండేది. అందులో రెండు కుట్టుమిషన్లు. కొన్ననాడు కొబ్బరికాయ కొట్టాము. తరువాత గదికి తాళం వేశాము. పిల్లలు ముడితే పాడవుతాయని భయం. ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు తలుపు తీసి, వాటికి పసుపు కుంకుమలు అలంకరించి, పూలు పెట్టి, హారతి ఇచ్చేవాళ్ళం. అష్టోత్తరం చదివినది నేనే. ఆ ఏడేళ్ళలో ఆ యంత్రాలకు ఒక్క చుక్క నూనె ఎవరూ వేయలేదు. తోలుపట్టాలు పెళుసెక్కి తెగాయి. చక్రాలు తిరగడం మానేశాయి. చివరికి పాత ఇనుము కింద పోయాయి. కుంకుమ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నది.

అదే ఊరిలో ఒక దర్జీ ఉండేవాడు. ప్రతి రాత్రి కొట్టు కట్టే ముందు మిషను పళ్ళ సందున చేరిన నూలుపీచు తీసి, నూనె వేసి, కారే నూనె పీల్చుకోవడానికి సూది కింద ఒక పాతగుడ్డ పీలిక పెట్టి గాని ఇంటికి వెళ్ళేవాడు కాదు. దసరానాడు ఆయన కూడా బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టుకు అర్థం ఉన్నది. మా బొట్టుకు లేదు.

పనిముట్టును పూజించే జాతి మనది అని గర్వంగా చెప్పుకుంటాము. ఆ గర్వంలో సగం నాకు ఇప్పుడు అనుమానంగా ఉన్నది. పనిముట్టును పట్టి తుడిచే చేతులు ఒకరివి, దానికి మంత్రం చదివే నోరు ఇంకొకరిది అన్న ఏర్పాటు మన మధ్య ఎప్పటినుంచో ఉన్నది. నూనె జిడ్డు చేతికి అంటనివాడే చదువుకున్నవాడు అనే దురభిప్రాయం మన బడులలోకి, ఇళ్ళలోకి చొరబడింది. పిల్లవాడికి సైకిలు కొనిస్తాము, గొలుసుకు నూనె వేయడం నేర్పము. మిక్సీ కొంటాము, కాగితాలు చదవకుండా పెట్టెతో సహా అటక మీద పారవేస్తాము. చెడిపోగానే "పాతది పోతే పోయింది, కొత్తది కొందాం" అంటాము. నేను ముప్పై రెండేళ్ళు పద్యాలకు ప్రతిపదార్థం చెప్పించాను. ఒక వస్తువును విప్పి, తుడిచి, మళ్ళీ కూర్చడం కూడా ప్రతిపదార్థమేనని ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు. ఏ భాగం దేనితో అన్వయిస్తుందో తెలియనిదే అక్కడ కూడా తాత్పర్యం రాదు.

ఆయుధపూజను తప్పుపడుతున్నానని కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. నా ఉద్దేశం అది కాదు. పూజకు ముందు పనిముట్లను కడిగి, తుడిచి, పదును పెట్టడం ఆ పండుగలో భాగమే. కమ్మరి, వడ్రంగి, రైతు అలాగే చేసేవారు. మేము చదువుకున్నవాళ్ళం తేలికైన సగాన్ని ఉంచుకుని కష్టమైన సగాన్ని వదిలివేశాము. ఆ వదిలిన సగాన్ని మళ్ళీ తెచ్చుకోమని మాత్రమే నా మనవి.

"తీరిక ఎక్కడిది?" అని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. వరుస తెలిశాక చిమ్మనను విప్పి తుడిచి కూర్చడానికి మా వాడికి ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. నేను దగ్గర ఉన్నప్పుడు నలభై. తుపాకి ఆకారం గల వస్తువు ద్వారానే ఈ పాఠం నేర్పాలా అని అడిగేవారికి నా వద్ద సమాధానం లేదు. ఆ ఆకారం నాకు ఇప్పటికీ ఇష్టం కాదు. వాణ్ణి సైకిలు కోరుకునేటట్టు చేయగలిగితే ఎంతో సంతోషించేవాణ్ణి. అయితే వాడు కోరుకున్నది ఇది. కాదనలేనప్పుడు, ఆ వస్తువును చూసుకునే విధి నెరవేరిస్తేనే ఆడుకునే హక్కు అనే షరతు పెట్టడం పెద్దల బాధ్యత అని నా నమ్మకం. ఏ వస్తువైనా సరే, పిల్లవాడి చేతికి ఇచ్చేటప్పుడు నూనెసీసాను, సూచనల పుస్తకాన్ని ముందు ఇచ్చి, వస్తువును తరువాత ఇవ్వండి. మీరు కూడా ప్రక్కన కూర్చోండి, పుస్తకం వైపు కాక చేతుల వైపు చూస్తూ.

నేను తిరిగి వచ్చాక దసరా వెళ్ళింది. ఆనాడు పొద్దున మనుమడు వీడియోలో కనబడ్డాడు. బల్లమీద తెల్లని తుండుగుడ్డ, దాని మీద చిమ్మన భాగాలు వరుసగా ఉన్నాయి. గాలిసీసా దూరంగా కిటికీ దగ్గర పెట్టాడు. గుడ్డసంచిని ఉతికి ఆరవేశాడట. పసుపు మరక మాత్రం పోలేదని చూపించాడు. "ఉండనీరా" అన్నాను.

తరువాత నేను అటక ఎక్కి, మా ఆవిడ పదేళ్ళుగా ముట్టని కుట్టుమిషను దింపాను. చక్రం కదలలేదు. కొట్టుకు వెళ్ళి కుట్టుమిషను నూనె అడిగి తెచ్చాను. మరి దేనికీ పనికిరాదు గదా అని రెండుసార్లు అడిగి మరీ తెచ్చాను. నాలుగవ రోజుకు చక్రం అర చుట్టు తిరిగింది. బొట్టు ఇంకా పెట్టలేదు. పూర్తిగా తిరిగాక పెడదామని ఉన్నది.

మీ ఇళ్ళలో ఎవరు ఏ వస్తువును ఇంత శ్రద్ధగా చూసుకునేవారో, ఆ విద్య మీదాకా వచ్చిందో లేదో తెలుపగలరు. పెద్దల చేతిపనుల గురించి వ్రాసేవారు అరుదు. మీరైనా వ్రాయండి.

స్వస్తి.